బొటనవేలి కుంకుమ

ఆరేళ్లుగా నేనొక అనుమానం మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. పొద్దున దేవుడి దగ్గర దీపం వెలిగించేటప్పుడు మాత్రం అది లేచి వచ్చి నా పక్కన కూర్చుంటుంది. అనుమానం ఇంతే. ఆ రోజు మా అత్తమ్మ బొటనవేలికి అంటిన ఎరుపు ఎక్కడిది?

మా ఇంట్లో పెద్ద సంగతి ఏది తేల్చాలన్నా పోచమ్మ తల్లి ముందు చీటీలు వేస్తారు. మా అత్తమ్మ పోసవ్వకు చదువు రాదు. అందుకని ఆమె చీటీల మీద రాతలుండవు. పాత పెండ్లికార్డు నుంచి రెండు ముక్కలు చింపి, ఒకదాని లోపల పసుపు, ఇంకొకదాని లోపల కుంకుమ అద్దుతుంది. మడిచి, బియ్యం పోసిన పళ్లెంలో వేసి, కళ్లు మూసుకుని ఒకటి తీస్తుంది. తీసిన చీటీని ఆమె ఒక్కతే చూస్తుంది. మిగిలినదాన్ని విప్పకూడదు. రెండింటినీ తీసుకెళ్లి కాలువలో కలిపేస్తుంది. ఒక సంగతి ఒకసారే అడగాలి, రెండోసారి అడిగితే తల్లి అలుగుతుందంటుంది. ఏ మడిలో చెరకు నాటాలి, ఏ మడి వరికి వదలాలి అన్నది కూడా మాకు అలాగే తేలింది.

ఆరేళ్ల కింద మా వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయింది. మీ ఇంట్లోంచే ఒకరు నిలబడాలని వాడకట్టువాళ్లు వచ్చి అడిగారు. ఇంట్లో కోడళ్లం ఇద్దరం. పెద్దకోడలు సింధుజక్కకు పసుపు, చిన్నకోడలినైన నాకు కుంకుమ అని అత్తమ్మ చీటీలు వేసింది. తీసినదాన్ని గుప్పిట్లోనే విప్పి చూసి, మళ్లీ మూసి, "పసుపు. పెద్దది నిలబడుతది" అంది. అందరూ సంతోషించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. అప్పుడు అత్తమ్మ నా తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి దించేటప్పుడు బొటనవేలు నా కళ్లముందు నుంచి పోయింది. ఎర్రగా ఉంది.

పొద్దున తల్లికి బొట్టు పెట్టినప్పుడు అంటి ఉండొచ్చు. చీటీ తీసేముందు చేతులు కడుక్కోవడం ఆమెకు నియమం. ఆ రోజు కడుక్కుందో లేదో నేను చూడలేదు.

ఇక పోయినవారం కథ ఎక్కడ ఆగిందో చెప్పి ముందుకు వెళ్తాను. ఆ ఎన్నికలో వార్డు గెలిచి, బాన్సువాడ మున్సిపల్ చైర్మన్‌గా ఐదేళ్లు పనిచేసిన మా సింధుజక్కకు ఎమ్మెల్యే టికెట్ వచ్చింది. నామినేషన్లకు ఆఖరి రోజు కూడా వచ్చేసింది. మధ్యాహ్నం మూడు దాటితే ఆర్డీవో ఆఫీసులో కాగితాలు తీసుకోరు. అక్క మాత్రం, అమ్మవారి చీటీ పడితేనే ఆ మెట్లెక్కుతానంది. చీటీలు వెయ్యాల్సిన అత్తమ్మ, "నేను వెయ్య" అని ఒక్క మాట అని, వాకిట్లో నవారు మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. మా పెండ్లిళ్లయినప్పటి నుంచి ఆమె చీటీలు వెయ్యనన్న రోజు లేదు.

అప్పుడు పొద్దున పది గంటలు.

సింధుజక్క గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆమెది మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లి. కోపమొస్తే మరాఠీ, నవ్వొస్తే తెలుగు. చైర్మన్ అయిన మొదటి మూడు నెలలు సంతకం ఆమెది, మాట ఆమె భర్త కృష్ణ బావది. మీటింగుల్లో ఆమె కుర్చీ పక్కన బావకు ఒక కుర్చీ ఉండేది. ఒకరోజు నిండు మీటింగులో అక్క ఆయనవైపు తిరిగి, చాలా మర్యాదగా, "కృష్ణగారూ, మీరు ఏ వార్డు మెంబరు?" అని అడిగింది. బావ ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు ఆయనే ఫైళ్ల సంచి మోసుకెళ్లి ఆమెను జీపు ఎక్కించాడు. ఆ రెండో కుర్చీ మళ్లీ కనపడలేదు.

తర్వాత ఆమె ఊళ్లోకి దిగింది. తెల్లవారంగనే చీపుర్ల వాళ్లతో పాటు గల్లీలు తిరిగేది. కూరగాయలు అమ్మేవాళ్ల నెత్తిన రేకుల షెడ్డు వచ్చింది. మున్సిపాలిటీలో కలిసిన తండాకు నల్లా నీళ్లు వచ్చాయి. మా గల్లీలో మురుగు పోయే మోరీ పని మాత్రం అన్నింటికంటే చివర పెట్టింది. చైర్మన్ ఇంటి ముందు పని ముందు చేసుకుందన్న మాట రాకూడదట. నాలుగు వానాకాలాలు మేం ఇటుకల మీద అడుగులేసుకుంటూ ఇంట్లోకి వచ్చాం. అత్తమ్మ దెప్పని రోజు లేదు.

ఎక్కడ మైకు పట్టుకున్నా ఆమె చివర చెప్పే మాట ఒక్కటే. "నన్ను నిలబెట్టింది నా మొగడు గాదు, పార్టీ గాదు. మా ఇంటి పోచమ్మ తల్లి. ఆమె చీటీల నేను ఎల్లిన." జనం చప్పట్లు కొట్టేవారు. వెనక వరసలో కూర్చున్న నాకు ఒక ఎర్రటి బొటనవేలు కనపడేది. నిలబడాలన్న కోరిక నాకు లేదని అబద్ధం చెప్పను. పదో తరగతి చదివాను. మహిళా సంఘంలో నేను లెక్క చదివితే అందరూ వినేవారు. కానీ అక్క పని చూసి నాకు అసూయ కలిగిందా అంటే, లేదు. ఆమె నాకంటే బాగా చేసింది. అది నిజం. ఆ వేలు ఎర్రగా ఉండడమూ నిజం. ఈ రెండు నిజాలను ఒకచోట కూర్చోబెట్టడమే నాకు చేతకాలేదు.

ఆ పొద్దున నేను అందరికీ చాయ పోస్తున్నాను. అత్తమ్మకు విడిగా, చక్కెర లేకుండా. ఆమెకు షుగర్. చెరకు పండించే ఇంట్లో ఆరేళ్లుగా బెల్లం ముక్క ముట్టని మనిషి ఆమె ఒక్కతే.

కృష్ణ బావ తెల్లచొక్కా వేసుకుని, ఫోన్ చేతిలో పట్టుకుని వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతున్నాడు.

"అవ్వా, గీ పొద్దేనా నీ మారాం? ఆరు నెలల సంది టికెట్ కోసం కాళ్లరిగేటట్టు తిరిగినం."

"తిరిగినోళ్లు మీరు. నన్ను అడిగి తిరిగిన్రా?" అంది అత్తమ్మ గోడకు చెప్పినట్టు.

"పార్టీ ఆఫీసు నుంచి మళ్ల ఫోన్ వచ్చింది. సింధుజ కాగితం ఎందుకన్న కొట్టుడు పోతే రెండో మనిషి ఉండాలెనట. డమ్మీ నామినేషన్. ఎవరి పేరు రాయాల్నో పన్నెండింటి లోపల చెప్పాలె. నా పేరే ఇస్త, అది పెద్ద ముచ్చట గాదు. అసలు మనిషి కదలాలె గదా ముందు!"

మా ఆయన మహిపాల్ పాల క్యాన్లు తోమి బోర్లిస్తూ, "అన్నా, జర కూసో. నువ్వు తిరిగి తిరిగి వాకిలి అరిగిపోతుంది" అన్నాడు.

అప్పుడే తండా నుంచి పార్వతీబాయి వచ్చింది. అక్క నామినేషన్‌ను ప్రతిపాదిస్తూ సంతకం పెట్టాల్సింది ఆమే. నల్లా కోసం మూడేళ్లు అక్క వెంటపడి, చివరికి అక్కకే స్నేహితురాలైంది. ఓటరు కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కొంగుకు పిన్నీసుతో గుచ్చుకుని వచ్చింది.

"చైర్మనమ్మా, నేనొచ్చిన! సంతకం ఏడ పెట్టాలె? నిన్న పొద్దంత రాసి రాసి మా కొడుకు వినోద్ నోటుబుక్కు ఖతం చేసిన."

"కూసో పార్వతి," అంది అత్తమ్మ. "ఇంక ఏం తేలలె."

"తేలకపోవుడేంది పోసవ్వా? తండల నాలుగు ఆటోలు మాట్లాడి పెట్టిన్రు. ఆడోళ్లందరు తలకు నూనె రాసుకొని కూసున్నరు."

సింధుజక్క లోపలినుంచి వచ్చింది. ఎప్పుడూ కట్టే నేత చీరే. చేతిలో కాగితాల కట్ట. ఆ కట్టను మంచం కోడు దగ్గర పెట్టి, అత్తమ్మ కాళ్ల ముందు నేల మీద కూర్చుంది. ఐదేళ్లు ఊరును నడిపిన మనిషి అలా కూర్చుంటే చిన్నపిల్లలా కనిపించింది.

"అత్తమ్మా, దాచకుండ చెప్పు. నేను గెలువనని నీకు అనిపిస్తుందా?"

"గెలుసుడు ఓడుడు నాకేం ఎరుక."

"మరి నేనేమన్న తప్పు చేసిన్నా? మోరీ లేటు చేసిన్నని కోపమా?"

పార్వతీబాయి కిసుక్కున నవ్వింది. అత్తమ్మ నవ్వలేదు.

"మోరి ముచ్చట నేను సచ్చేదాక అంటనే ఉంట. గది వేరే. నా చెయ్యి మంచిగ లేదు బిడ్డా. గీ చేత్తోని చీటీ తియ్యరాదు."

"చెయ్యికి ఏమైంది? దవాఖానకు పోదామా?" అన్నాడు బావ.

"నువ్వు నోరు మూసుకో కిష్టా."

"నేను తియ్యాల్నా?" అంది పార్వతీబాయి. "నా చెయ్యి మంచిగనే ఉన్నది. పొద్దుగాల్నే స్నానం చేసిన."

"ఒకరి ఇంటి తల్లిని ఇంకొకరు అడుగుతరా?" అని అత్తమ్మ కసిరింది.

సింధుజక్క కాగితాల కట్టను అత్తమ్మ పక్కన మంచం మీద పెట్టింది.

"అయితే ఇగ నేను పోను. వార్డుకు నిలబడ్డప్పుడు నాకేం తెల్వదు. మైకు ఎట్ల పట్టుకోవాల్నో గూడ ఎరుక లేదు. తల్లి పిలిచిందన్న ఒక్క ధైర్యంతోని నడిచిన. గిప్పుడు మీదికెళ్లి ఇంకో మెట్టు ఎక్కుమంటున్రు. బాన్సువాడ అంటే నాకు గల్లీ గల్లీ ఎరుకే. చుట్టుముట్టు పల్లెల నుంచి వచ్చినోడు కూడ ఎమ్మెల్యే అని నా ముంగట నిలబడితే, వానికి నేనేం చెయ్యగల్గుత? తల్లి ఊకున్నదంటే నేను గూడ ఊకునుడే మంచిది."

బావ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మా ఆయన క్యాను పక్కన పెట్టి నిలబడ్డాడు. గోడ గడియారంలో పదీ నలభై అయింది.

నేను చాయ గిన్నె పట్టుకుని ద్వారం దగ్గర నిలబడి ఉన్నాను. అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఏ చీటీ పేరు చెప్పుకుని అక్క ఆరేళ్లు ధైర్యంగా నడిచిందో, ఆ చీటీ ఆమె కాళ్లకింద నుంచి జరిగిపోతుంది. అడగకపోతే అత్తగారి మనసులో తనమీద నమ్మకం లేదనుకుని అక్క ఇంట్లోనే ఉండిపోతుంది. ఈ రెండో కారణంతోనే అడిగానని రాసుకుంటే బాగుంటుంది. నా కోసం కూడా అడిగాను. ఎంత నా కోసం, ఎంత అక్క కోసం అంటే, పోచమ్మ తల్లికే తెలియాలి.

"అత్తమ్మా," అన్నాను. "ఆ రోజు మీ బొటనవేలికి ఎరుపు ఎట్ల అంటింది?"

ఎవరికీ అర్థం కాలేదు. అత్తమ్మకు అర్థమైంది. గోడవైపు నుంచి మెల్లగా ఇటు తిరిగింది. తన కుడిచెయ్యి ఎత్తి బొటనవేలిని చూసుకుంది, ఇంకా ఎర్రగానే ఉన్నట్టు.

"నువ్వు సూసినవా?"

"చూసిన."

"గిన్నేండ్లు కడుపుల పెట్టుకున్నవా?"

నేను తలూపాను. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"కుంకుమనే బిడ్డా. తల్లి ఆ పొద్దు నిన్నే పిలిచింది."

నా చేతిలో గిన్నె వేడి అప్పుడు తెలిసింది. కింద పెట్టేశాను.

"మరి పసుపు అన్నవ్?" అన్నాడు బావ.

"అన్న. అబద్ధమాడిన," అంది అత్తమ్మ. నన్నే చూస్తూ చెప్పింది. "నువ్వు దవాఖాన నుంచి వచ్చి గప్పటికి పన్నెండు దినాలు. ఐదో నెల పిండం పోయి, గోడ పట్టుకొని నడుస్తున్నవ్. బుక్కెడు బువ్వ పెడితే సగం ఇడుస్తున్నవ్. గసొంటి పిల్లను ఇల్లిల్లు తిరిగి ఓటు అడుగుమని ఏ నోటితోని చెప్పాలె? చెప్తే నువ్వు పోతవ్. తల్లి మాట అంటే పానం పోయినా పోయే రకం నువ్వు. నాకు ఎరుక. అందుకే చీటీ మూసిన, నోరు తిప్పిన. గిప్పటిదాక కాలువకు తప్ప ఎవరికీ చెప్పలె."

ఆరేళ్లు నేను వేరే ఏవేవో అనుకున్నాను. నాకు చదువు తక్కువనీ, అక్క మాటకారి అనీ, బిడ్డను నిలుపుకోలేనిదాన్ని ఊరికేం నిలబడతానని అత్తమ్మ అనుకుందనీ. ఆ మూడో మాట ఎన్నో రోజులు నన్ను కొరికింది. తర్వాత మా పాప యశస్వి పుట్టింది, ఇల్లు నవ్వింది, అయినా ఆ మాట పూర్తిగా పోలేదు. ఇప్పుడు వాకిట్లో, అందరి ముందు, అది ఒక్కసారిగా పోయింది.

"తల్లి మాట తప్పిన గదా," అని అత్తమ్మ చెప్పుకుపోయింది. "పొలం ముచ్చట్లకు చీటీలు వేసిన గని, గీ నిలబడే ముచ్చట మళ్ల ఏ మొఖంతోని అడుగాలె? ఆ పొద్దే గుడికి పోయి చెంపలేసుకున్న. నీకు బాకీ పడ్డ తల్లీ, చిన్నదానికి నువ్విచ్చిన పిలుపు నేను దాచుకున్న. దాని పేరు సర్కారు కాగితం మీద ఎక్కేదాక నా నోటికి తీపి వద్దు అని మొక్కిన. గప్పటి సంది బెల్లం ముట్టలె."

మా ఆయన నోరు తెరిచాడు. "అంటే... నీకు షుగర్ లేదా?"

"నాకెందుకు షుగర్ వస్తదిరా? ఎవ్వడు చెప్పిండు?"

"నువ్వే తీపి ముట్టలేదు గదా! మేం షుగర్ అనుకున్నం."

"మీరు అనుకున్నరు. నేను ఊకున్న."

మూడుసార్లు రక్తం పరీక్ష చేయించాం. మూడుసార్లూ బాగానే ఉందని వచ్చింది. పత్యం వల్లే అదుపులో ఉందని సంతోషించాం. నేను మెంతులు నానబెట్టి ఆరేళ్లు పొద్దున్నే ఇచ్చాను. ఆమె ముఖం చిట్లించుకుని ఆరేళ్లు తాగింది.

పార్వతీబాయి కొంగు నోట్లో పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆపుకోలేక, "అయ్యో పోసవ్వా, ఉత్తగనే మెంతి నీళ్లు!" అని బయటపడింది. బావ కూడా నవ్వాడు. నేను ఏడుస్తూ నవ్వాను. నవ్వనిది సింధుజక్క ఒక్కతే.

ఆమె లేచి నల్లా దగ్గరకు వెళ్లి ముఖం కడుక్కుంది. తుడుచుకోకుండానే తిరిగి వచ్చింది.

"అంటే ఆరేండ్లు మైకుల నేను అబద్ధం చెప్పిన్నన్నట్టు."

"అబద్ధం నాది," అంది అత్తమ్మ. "పని నీది."

"తల్లి నన్ను పిలువలేదు. పిలువని పేరంటానికి పోయి పీట మీద కూసున్న."

నేను భయపడింది అదే. ధైర్యం ఒక మనిషిలోంచి దిగిపోవడం నేను కళ్లారా చూస్తున్నాను. అప్పుడు పార్వతీబాయి కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది.

"చైర్మనమ్మా, ఒకటి అడుగుత. మా తండకు నల్లా కావాలని నీ ఆఫీసు ముంగట నేను ఎన్నిసార్లు కూసున్న?"

"పదకొండుసార్లు."

"పన్నెండోసారి నువ్వేం చేసినవ్?"

అక్క తల ఎత్తి ఆమెను చూసింది.

"నువ్వు నా పక్కపొంటి వచ్చి కూసున్నవ్. నీ ఆఫీసు ముంగటనే. చైర్మన్ కింద కూసుంటే ఇంజనీరు ఉరికొచ్చిండు. ఆ పొద్దు నిన్ను కూసోమని ఏ చీటీ చెప్పింది?"

అక్క ముఖం మీద నీళ్లు గడ్డం దాకా జారాయి. అవి నల్లా నీళ్లో కన్నీళ్లో తెలియలేదు. పెదవి కొస కదిలింది.

"ఇంజనీరు చెప్పులు కూడ లేకుండ ఉరికొచ్చిండు," అంది.

"గదీ!" అంది పార్వతీబాయి.

నాకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. నేను చదువుకున్నది తక్కువ, తప్పయితే క్షమించాలి. ఎర్ర చీటీ తీయించింది తల్లే అయితే, కోడలి మీద జాలితో అత్తమ్మ నోట పసుపు అనిపించింది ఎవరు? మనిషి ప్రేమ అడ్డం వస్తే తల్లి పక్కకు జరిగి దారి ఇస్తుందా? లేక రెండు చీటీలూ ఆమెకు సమ్మతమేనా? తెలిసినవాళ్లు చెబితే వింటాను.

సింధుజక్క మంచం మీది కాగితాల కట్ట తీసుకుంది.

"బావకు చెప్పు రోజా," అని నాతో మొదలుపెట్టి, తానే ఆయనవైపు తిరిగింది. "ఏమయ్యా, పార్టీ ఆఫీసుకు ఫోన్ చెయ్యి. చీటీ వద్దు, ఏం వద్దు, నేను నామినేషన్ వేస్త. డమ్మీ పేరు మాత్రం నీది గాదు. రోజారాణి అని రాయుమను."

"నాదా?" అన్నాను. "నాకెందుకక్కా? నేను ఇంట్లుండేదాన్ని."

"నేను గూడ ఇంట్లున్నదాన్నే. నీ పిలుపు మీద నేను ఆరేండ్లు నడిచిన. నీ పేరు ఒక్క కాగితం మీదన్న ఎక్కాలె."

కృష్ణ బావ తన తెల్లచొక్కాను పైనుంచి కిందికి చూసుకున్నాడు. "గీ చొక్కా ఇస్త్రీ చేపిచ్చింది ఉత్తగనేనా?"

"నువ్వు జీపు నడుపు," అంది అక్క. "చొక్కా మంచిగనే కనపడుతది."

మా ఆయన నన్ను చూసి, "ఇద్దరికిద్దరు నిలబడితే నేను క్యాన్లు తోముడే ఇగ," అన్నాడు. నవ్వుతూనే నా చెయ్యి పట్టుకుని నొక్కి వదిలాడు. అందరి ముందు ఆయన నా చెయ్యి పట్టుకోవడం పెండ్లి తర్వాత అదే.

పన్నెండింటికల్లా పార్టీ నుంచి కాగితం వచ్చింది. వకీలు ఒంటిగంటన్నర దాకా నా కాగితాలు నింపాడు. ప్రతిపాదించేవాళ్ల గడి దగ్గర పెన్ను ఆపి, "మీకు ఎవరు?" అని అడిగాడు. పార్వతీబాయి ముందుకు వచ్చేలోపు అత్తమ్మ మంచం దిగింది.

"నేను."

"సంతకం వస్తదా అవ్వా?"

"వేలు వస్తది."

వేలిముద్ర అయితే ఆఫీసరు ముందే వెయ్యాలట. ఆమెను కూడా జీపు ఎక్కించుకుని వెళ్లాం. గేటు దగ్గర తండా ఆటోలు, నూనె రాసుకున్న తలలు. లోపలికి కొద్దిమందినే వదిలారు. అక్క ముందు తన కాగితాలు ఇచ్చి ప్రమాణం చదివింది. మైకు ముందు ఎంత ధైర్యంగా చదివేదో అలాగే. ఎందుకో నాకు చాలా తృప్తిగా అనిపించింది. నా వంతు వచ్చాక రెండుచోట్ల తడబడ్డాను. దేవుడి పేరు మీద ప్రమాణం అన్నచోట మాత్రం తడబడలేదు.

ఆఫీసరు ఇంకు ప్యాడు జరిపాడు. అత్తమ్మ కుడిచెయ్యి బొటనవేలు అద్దింది. ఊదా రంగు. ఆమె దాన్ని కాసేపు చూసింది. తర్వాత నా పేరున్న గడి పక్కన నొక్కింది, మెల్లగా, చీటీకి కుంకుమ అద్దినంత జాగ్రత్తగా.

"గుడ్డతోని తుడుచుకో అవ్వా," అన్నాడు ఆఫీసరు.

"ఉండనీ సార్," అంది.

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా గోడమీదే ఉంది. అందరం వాకిట్లో కూలబడ్డాం. పార్వతీబాయి తన సంతకం ఎంత చక్కగా కుదిరిందో మూడోసారి చెబుతోంది. అత్తమ్మ కాళ్లు కడుక్కుని, దేవుడి ముందు నిలబడి ఏదో గొణుక్కుని, వచ్చి మంచం మీద కూర్చుంది. "రోజా, బెల్లం డబ్బా తే" అంది. ఆ మాట కోసం ఆరేళ్లు ఎదురుచూసినట్టు నేను పరుగెత్తాను. మా చెరకుతో వండిన బెల్లమే. గోధుమరంగు ముక్క ఒకటి తుంచి ఆమె అరచేతిలో పెట్టాను.

అప్పుడు మా ఆయన ఫోన్ మోగింది. వకీలు. విన్నకొద్దీ ఆయన ముఖంలో నవ్వు తగ్గింది.

"వదినె అఫిడవిట్ల ఒక పేజీ కింద సంతకం లేదట. జిరాక్సు చూస్తుంటే గిప్పుడు కనపడ్డదట." ఆయన ఫోన్ దించాడు. "రేపు పదకొండింటికి పరిశీలన. అవతలోళ్లకు గూడ తెలిసిపోయిందట. అభ్యంతరం పెడుతరట. వదినె కాగితం నిలబడకపోతే..."

ఐదేళ్లలో వేల సంతకాలు పెట్టిన సింధుజక్క తన చేతివైపు చూసుకుంది. తర్వాత నావైపు చూసింది. బావ చూశాడు. పార్వతీబాయి చూసింది.

చూడనిది అత్తమ్మ ఒక్కతే. ఊదారంగు బొటనవేలితో బెల్లం ముక్కను నాలుక మీద పెట్టుకుంది. కొరకలేదు. కళ్లు మూసుకుని, అది కరిగేదాకా అలాగే కూర్చుంది.

"తీరింది తల్లీ," అంది.